బాలమణి బదులు మూడు రోజులు

తణుకులో నా దగ్గరికి ఉదయంపూట యోగాకి వచ్చే ముప్పై మందీ, నేను తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న వేస్తున్నారు. "హైదరాబాదులో సేవ ఎలా జరిగింది మాస్టారూ?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. చెప్పబోతే మధ్యలో ఎవరో ఒకరు మెట్రో ఎక్కారా, బిర్యానీ తిన్నారా అని అడ్డం పడతారు. మెట్రో ఎక్కాను. బిర్యానీ తినలేదు. మిగతాది కూర్చుని చదువుకోండి.

నా సంగతి మీలో సగం మందికి తెలుసు, తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇరవై నాలుగేళ్ళు బ్లాక్‌బోర్డు ముందు నిలబడి పిల్లలకి లెక్కలు చెప్పాను. నలభై ఎనిమిదో ఏట నడుము మొరాయించింది. పది నిమిషాలు నిలబడితే కాళ్ళల్లోకి మంట, కూర్చుంటే హాయి. ఆపరేషన్ అన్నారు. ఈలోగా మన ఊళ్ళోనే ఒక పెద్దాయన నన్ను కింద కూర్చోబెట్టి ముందుకు వంగడం నేర్పాడు. మొదటి రోజు నా చేతులు మోకాళ్ళు దాటలేదు. ఆరు నెలలకి బొటనవేళ్ళు అందాయి, నొప్పి పోయింది, ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. నేనే మాస్టారునయ్యాను. అప్పట్నించీ ఎవరు ఏ నడుము పట్టుకుని వచ్చినా వంచడమే నా వైద్యం.

పోయిన ఏడాది ఒక శిక్షణ శిబిరంలో సువర్ణ గారు పరిచయమయ్యారు. ఎల్బీనగర్ వైపు ఉంటారు. కాలనీల్లో వీధులు ఊడ్చే ఆడవాళ్ళకి డబ్బు తీసుకోకుండా యోగా నేర్పుతారు. ఆవిడ కూతురికి నల్గొండలో కాన్పు దగ్గరపడిందట. "ఒక్క వారం మీరు జర చూసుకోండ్రి సార్, మనోళ్ళు మంచిగ వింటరు" అని ఫోన్ చేశారు. నాకు కళ్ళు చెమర్చాయి. మనకి తగ్గింది, ఇక నలుగురికీ పంచాలి కదా అని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నవాణ్ణి. రైల్లో ఒక చిన్న ఉపన్యాసం కూడా తయారు చేసుకున్నాను. చివరి రోజు శాలువా కప్పితే వద్దనాలా, కప్పించుకోవాలా అని కూడా ఆలోచించాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే ఒకటి పీకాలనిపిస్తుంది.

సోమవారం: దిల్‌సుఖ్‌నగర్

మా చెల్లెలు రమ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుంది. "గడ్డిఅన్నారంలో ఫ్రూట్ మార్కెట్ దగ్గర దిగు అన్నయ్యా, అక్కణ్ణుంచి దగ్గరే" అని చెప్పింది. ఆటో అతను కూడా ఫ్రూట్ మార్కెట్టా, రండి అన్నాడు. దించాడు. చూస్తే అక్కడ ఒక్క పండు లేదు. మార్కెట్ ఊరి బయటికి వెళ్ళిపోయి ఏళ్ళయిందట. మరి ఇది ఏమిటయ్యా అంటే, "గిదే సార్ ఫ్రూట్ మార్కెట్" అన్నాడు, నేనేదో తెలియని మాట అడిగినట్టు. రమ కోసం బత్తాయిలు కొందామనుకున్న నేను ఉత్త చేతులతో సంచీ మోసుకుంటూ ఇరవై నిమిషాలు నడిచాను.

ఆ నడకలో ప్రతి గోడమీదా ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలే. ప్రతి రెండో మేడా హాస్టలే. మన వైపు పెళ్ళి పందిరికి వేసినన్ని లైట్లు ఇక్కడ కోచింగ్ సెంటర్ బోర్డుకి వేస్తారు. పిల్లలు పుస్తకాలు చదువుతూ రోడ్డు దాటుతున్నారు, బళ్ళ వాళ్ళు ఫోన్ చూస్తూ నడుపుతున్నారు, ఎవరికీ ఏమీ అవడం లేదు.

పొద్దున టిఫిన్‌కి ఇడ్లీ. ఇడ్లీ మంచిదే. పక్కన అల్లం పచ్చడి లేదు, కారప్పొడి లేదు, నెయ్యి అడిగితే ఇరవై రూపాయలు అదనం. పల్లీ చట్నీ మాత్రం గిన్నెడు పోశాడు. బాగాలేదని అనను. ఇడ్లీ తిన్నట్టు మాత్రం లేదు. రమ పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉండి ఈ చట్నీకి అలవాటు పడిపోయింది. నేను మూతి ముడిస్తే, "సేవకి వచ్చావా, అత్తారింటికి వచ్చావా" అంది.

సోమ, మంగళ: ఎల్బీనగర్

మెట్రోలో మూడు స్టేషన్లు. అక్కణ్ణుంచి ఒక ఫంక్షన్ హాలు వెనక, భోజనాలు వడ్డించే రేకుల షెడ్డు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో సువర్ణ గారికి దాన్ని ఊరికే ఇస్తారు. ఆడవాళ్ళు తెల్లవారుజామున ఐదింటికి పనిలోకి దిగి, పదింటికి వీధులు ముగించి, పదకొండుకి అక్కడికి వస్తారు. పదిహేను మంది. చాపలు లేవు, పెళ్ళి ఫ్లెక్సీలు తిరగేసి పరుచుకున్నారు. నేను ఎవరో వధూవరుల వెనకవైపు కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టాను.

ఉపన్యాసం సగంలో ఆపేశాను. ఇద్దరు నిద్రపోయారు.

సరే అని ఆసనంలోకి దిగాను. కాళ్ళు చాపి, ముందుకు వంగి, బొటనవేళ్ళు పట్టుకోమన్నాను. పదిహేను మందీ పట్టుకున్నారు. నా దగ్గర మొదటి రోజు, మొదటిసారి. తణుకులో బ్యాంకు మేనేజరు గారు ఏడాదిన్నరగా వంగుతూ ఇంకా మోకాలి చిప్పల దగ్గరే ఉన్నారు, ఆయన ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఇక్కడ అరవై ఏళ్ళ ఆవిడ నుదురు మోకాలికి ఆనించి, ఇంకేం చెయ్యాలన్నట్టు పక్కకి చూస్తోంది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇన్నాళ్ళకి శిష్యులు దొరికారనుకున్నాను.

అందరిలోకీ బాగా వంగింది బాలమణి. నలభై దాటి ఉంటాయి, సన్నగా పొడుగ్గా ఉంటుంది, మాట్లాడదు. మంగళవారం ఆమెను ముందుకి పిలిచి, అందరూ చూడండి, ఇలా చెయ్యాలని చూపించాను. ఐదు నిమిషాలు అలాగే ఉండమన్నాను. పైగా మా మాస్టార్లకి ఉండే పాడలవాటు ఒకటి ఉంది, బాగా చేసేవాళ్ళ వీపు మీద చెయ్యి పెట్టి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నొక్కుతాం. నొక్కాను. ఆమె మూతి బిగించింది. అది పట్టుదల అనుకున్నాను.

ఆ రోజు వాళ్ళు నాకు వాళ్ళ సద్దిలోంచి అన్నం పెట్టారు. పచ్చిపులుసు పోశారు. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నువ్వులు, పొయ్యి ఎక్కించరు. మన చారు పక్కన పెడితే ఇది ఏమిటో అనుకుని నోట్లో పెట్టుకున్నాను, రెండోసారి అడిగి పోయించుకున్నాను. ఈ ప్రయాణంలో నేను మొత్తుకోకుండా తిన్నది అదొక్కటే.

బుధవారం: బడంగ్‌పేట్

బాలమణి రాలేదు. అడిగితే మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అరవై ఏళ్ళావిడ చెప్పింది, పొద్దున పనికి కూడా రాలేదట, మంచం దిగలేకపోతోందట. నేను నొక్కిన వైనం వాళ్ళందరూ చూశారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. దారి పొడుగునా కొత్త అపార్టుమెంట్లు, వాటి మధ్య ఇంకా అమ్ముడుపోని స్థలాల్లో గేదెలు. రెండు గదుల కిరాయి ఇంట్లో బాలమణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. పక్కింటామె పొద్దున దవాఖానకి తీసుకుపోయిందట, మాత్రలిచ్చి నాలుగు రోజులు కదలొద్దన్నారట. ఇంట్లో ఇంకెవరూ లేరు. పెళ్ళైన కూతురు సూర్యాపేటలో ఉంది, భర్త పోయి చాలా ఏళ్ళైంది.

నేను క్షమాపణ చెబుతున్నాను, ఆమె వినడం లేదు. ఆమె దిగులు వేరు. వరుసగా మూడు రోజులు రాకపోతే కాంట్రాక్టరు మనిషి పేరు కొట్టేస్తాడు, ఆ వీధి ఇంకొకరికి పోతుంది. పదకొండేళ్ళ నుంచి ఊడుస్తున్న వీధి. కిరాయి, బియ్యం, కూతురి సీమంతం, అన్నీ ఆ వీధి మీదే నడుస్తున్నాయి.

"బదిలీ మనిషిని పెడితే నడుస్తది సార్" అంది. "ఇంట్లకెల్లి ఎవలన్న పోయి ఊడిస్తే పేరు ఉంటది. నాకెవలున్నరు?"

వాళ్ళలో అది పద్ధతి. జ్వరమొస్తే కోడలు వెళ్తుంది, కోడలికి కుదరకపోతే చెల్లెలు. ఇంటి మనిషి అయితే సూపర్‌వైజరు నోరెత్తడు, బయటి మనిషి అయితే ఆ మనిషికే వీధి రాసేస్తాడు. తోటి ఆడవాళ్ళెవరూ సాయం చెయ్యలేరు, అదే సమయానికి ఎవరి వీధి వాళ్ళకుంది.

ఊడవడానికి నేను పోతానన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. ఆ గదిలో ఆ మొహం చూస్తూ ఇంకో నిమిషం ఉండలేక అన్నాను. బాలమణి మొదటిసారి నన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత ఫోన్ తీసి సూపర్‌వైజరుకి చెప్పింది, "మా అన్నొస్తడు సార్, రేపటిసంది."

గురు, శుక్ర, శని: వనస్థలిపురం

రమతో చెబితే పళ్ళెం కింద పెట్టేసి నన్నే చూస్తూ కూర్చుంది. నాలుగింటికి లేచి టీ మాత్రం పెట్టి ఇచ్చింది. "పేరు నీది చెప్పకు, నాన్నది అసలు చెప్పకు" అంది. ఊరి వాళ్ళకి తెలుస్తుందేమోనని దాని భయం. ఇప్పుడు నేనే రాస్తున్నాను, క్షమించు రమా.

సూపర్‌వైజరు పాతికేళ్ళవాడు. అందర్నీ వరసగా నిలబెట్టి ఫోన్‌లో ఫోటో తీస్తాడు, అదే హాజరు. నన్ను చూసి, "అన్ననా? నీ యాస ఆంధ్రది గద?" అన్నాడు. చిన్నప్పుడే దత్తత వెళ్ళానని చెప్పాను. ఎలా వచ్చిందో నోటికి ఆ అబద్ధం. వాడు నమ్మలేదు, కానీ చేతిలో చీపురు పెట్టాడు. పొట్టి చీపురు.

పొడుగు కర్ర చీపుర్లు లేవా అని అడిగాను. ఉన్నాయట, మూలన పడి ఉన్నాయట. ఎందుకు వాడరో పది నిమిషాల్లో తెలిసింది. వీధికి రెండు వైపులా కార్లు. చెత్తంతా వాటి కిందే చేరుతుంది, పొడుగు చీపురు తిరగదు. వంగి, పక్కకి ఒరిగి, చెయ్యి కారు కిందికి పోనిచ్చి లాగాలి. ఒక్కో కారుకీ రెండు వైపులా. ఆ వీధిలో నలభై ఒక్క కార్లున్నాయి, లెక్కల మాస్టారుని కదా. ఉద్యోగస్తుల కాలనీ, చెట్లు పెంచుకుంటారు, మంచిదే. ఆ చెట్ల ఆకులన్నీ బాలమణే ఎత్తాలి.

ఊడ్చిన చోటే ఒకావిడ పూజ పూలు విసిరింది. ఎత్తాను. ఇంకొకాయన కుక్కని తెచ్చి నా ఎదురుగానే నిలబెట్టాడు. మూడో ఆయన గేటు దగ్గర పేపరు తీసుకుంటూ నేను సూపర్‌వైజరుతో మాట్లాడుతుంటే విని, "ఏ ఊరండీ మనది?" అన్నాడు ఎంతో ఆప్యాయంగా. తణుకు అన్నాను. ఆయనది పాలకొల్లట. నన్ను చూసి నిజంగానే బాధపడ్డాడు, ఏం కష్టమొచ్చిందండీ అన్నాడు. నేను జవాబు వెతుక్కునే లోపు, "ఆ కానుగ చెట్టు కింద కూడా కాస్త చూడండి, రోజూ వదిలేస్తోంది ఆవిడ" అని లోపలికి వెళ్ళిపోయాడు. రోజూ వదిలేస్తోందట. పదకొండేళ్ళ నుంచి ఆయన గుమ్మం ముందు ఊడుస్తున్న మనిషి పేరు ఆయనకి తెలియదు. తెలుసా అని నేను అడగనూ లేదు, నా సంగతి మాత్రం ఏమంత గొప్పగా ఉందని.

ఆ మూడు రోజులూ హాల్లో పెళ్ళిళ్ళు, షెడ్డులో యోగా లేదు. గురువారం బాగానే గడిచింది, వంగడం నాకు కొత్త కాదు కదా. శుక్రవారం తొమ్మిదింటికి తోక ఎముక దగ్గర ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. శనివారం చివరి కారు దగ్గర వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. అరవై ఏళ్ళావిడ తన వీధి ముగించుకుని వస్తూ చూసి, చంకలో చెయ్యేసి లేపింది. లేపి, నేను ఊడ్చిన వీధి వైపు చూసి, సగం మళ్ళీ ఊడ్చింది.

నా మీద నాకే చెప్పలేనంత కోపమొచ్చింది. ఐదు గంటలు వంగే మనుషుల్ని తీసుకొచ్చి, వంగండి, ఇంకా వంగండి అని రెండు రోజులు నొక్కానే! వాళ్ళు బొటనవేళ్ళు అందుకుంటే అది నా పాఠం అనుకున్నానే! నిలబడి చెడిపోయిన నా నడుముకి పనికొచ్చిన మందు, వంగి వంగి అరిగిపోయిన వాళ్ళకి విషమని బి.ఎస్సీ చదివిన బుర్రకి తట్టలేదు. రమ ఇంట్లో నేల మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీ పైకి లేపితే కాస్త ప్రాణం లేచొచ్చింది. దొరికింది, ఇదే వీళ్ళ ఆసనం అనుకున్నాను.

ఆదివారం: మళ్ళీ ఎల్బీనగర్

ఆ పొద్దున బాలమణి పనిలోకి వచ్చింది. నేనూ వెళ్ళాను, అవసరమైతే అందుకుందామని. సూపర్‌వైజరు ఆమె ఫోటో తీసుకున్నాడు, జాబితాలో పేరు ఉంది. నెమ్మదిగా, మధ్యమధ్య గోడకి చేరబడుతూ వీధంతా ఊడ్చింది. కార్ల కింద మాత్రం నేను లాగాను. పాలకొల్లాయన చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. పేరు నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పదకొండుకి షెడ్డులో నేను మంచి ఊపు మీద ఉన్నాను. తప్పు చేశానని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఇవాళ్టి నుంచి ముందుకి వంగేది లేదు, బోర్లా పడుకోండి, పాములా తల ఎత్తండి అన్నాను. ఎత్తారు. కొందరు హబ్బా అని నిట్టూర్చారు, హాయిగా ఉందన్నారు. బాలమణి మాత్రం గోడకి ఆనుకుని కూర్చుంది, కదల్లేదు. నేను దగ్గరికి వెళ్ళి, భయపడొద్దమ్మా, ఈసారి నొక్కను, నీ నడుముకి ఇది మంచిదని ప్రేమగా చెప్పాను. నా నడుము మీదే చూసుకున్నానని కూడా చెప్పాను.

"నాది నడుము గాదు సార్" అంది.

నాకు అర్థం కాలేదు. మంచం దిగలేకపోయావు కదా అన్నాను.

"దిగలేకపోయిన. నడుమని నేనన్ననా? నువ్వే అన్నవ్. నువ్వొచ్చిన కాడికెల్లి చెప్తనే ఉన్నవ్. మొదలు వంగుమన్నవ్, ఇప్పుడు లేవుమంటున్నవ్. నొప్పి యాడుందని ఒక్కపారన్న అడిగినవా?"

కోపంగా అనలేదు. ఊడ్చిన వీధిలో ఆకు చూపించినట్టు చూపించింది, అంతే. మిగతావాళ్ళు బోర్లా పడుకున్న చోటి నుంచే తలలు ఇటు తిప్పారు.

నేను వారమంతా ఒకసారి గుర్తు చేసుకున్నాను. సోమవారం ఉపన్యాసం చెప్పాను. మంగళవారం నొక్కాను. బుధవారం క్షమాపణ చెప్పాను. మూడు రోజులు ఆమె వీధి ఊడ్చాను, ఆ మూడు రోజులూ నా నొప్పి సంగతే చూసుకున్నాను. మొదట నన్ను బాగుచేసిన ఆసనం ఆమెకి అంటగట్టాను, తర్వాత నన్ను బాగుచేసిన ఇంకో ఆసనం తెచ్చాను. సేవ అని ఎనిమిదేళ్ళుగా నేను ఊళ్ళో పంచుతున్నది నా నడుమేనా అని భయమేసింది. బ్యాంకు మేనేజరు గారిని కూడా నేను ఎప్పుడూ అడగలేదు.

రెండింటికి నా బస్సు. అప్పటికే పన్నెండున్నర. సంచీ పక్కన పెట్టి, ఆ ఫ్లెక్సీ మీద ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"ఎక్కడమ్మా నొప్పి?" అన్నాను.

బాలమణి కుడి తుంటి మీద చెయ్యి వేసుకుంది. అక్కణ్ణుంచి మోకాలి దాకా నెమ్మదిగా జరిపింది. "బిడ్డ కడుపుల ఉన్నప్పుడు మొదలైంది సార్, ఏడో నెల, బావి కాడ జారి పడ్డ" అని మొదలుపెట్టింది. చాలా ఏళ్ళ సంగతి. మధ్యలో ఒకసారి ఆగి, నీకు బస్సుకు ఆలస్యమైతదేమో అంది. చెప్పమ్మా అన్నాను.

నేను మర్నాడు బయల్దేరాను.